రోహిణి చుట్టూ గ్రహం ఉంటే అక్కడ బతుకు సాగుతుందా? నక్షత్రం గుణం గురించి ఒక ప్రశ్న

కూకట్‌పల్లి_టీచర్ · మే 27, రాత్రి 8:12

అందరికీ నమస్కారం. నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. వేసవి సెలవుల్లో మా అపార్ట్‌మెంట్ పిల్లల్ని సాయంత్రం మేడ మీద కూర్చోబెట్టి ఓ గంట సైన్స్ కబుర్లు చెప్పడం అలవాటు. నిన్న ఎండల గురించి మాట వచ్చింది. "రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయని ఊరికే అన్నారా" అని మా అత్తగారు అంటే, తొమ్మిదో తరగతి అమ్మాయి టక్కున అడిగింది. "టీచర్, అంత దూరంలో ఉన్న రోహిణి వల్లే మనకి ఇంత మంట అయితే, దాని పక్కనే తిరిగే గ్రహం మీద ఎవరైనా ఉండగలరా?"

మొదటి సగానికి జవాబు చెప్పగలిగాను. ఈ రెండు వారాలూ సూర్యుడు ఆకాశంలో రోహిణి ఉన్న దిక్కులో ఉంటాడు, అందుకే ఆ పేరు, ఎండ మాత్రం మన సూర్యుడిదే అన్నాను. సూర్యుడు నడినెత్తికి రావడం, పగలు ఎక్కువగా ఉండటం, వానలు ఇంకా రాకపోవడం, ఇదంతా చెప్పాను. రెండో సగం దగ్గర మాత్రం "దూరం సరిగ్గా ఉంటే ఉండొచ్చేమో అమ్మా" అని ఊరుకున్నాను. రాత్రంతా ఆ జవాబు నన్ను వదల్లేదు. దూరం ఒక్కటే చాలా? నక్షత్రం ఎలాంటిదై ఉండాలి? పిల్లకి అర్థమయ్యేలా, తప్పు లేకుండా చెప్పాలని ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

రాత్రిపూట_చుక్కలు · రాత్రి 8:51

మేడం, ముందు రోహిణి సంగతే చెప్తాను. మీ పిల్ల అడిగినదానికి సగం జవాబు అందులోనే ఉంది.

రోహిణి మనకు సుమారు 65 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ద్రవ్యరాశిలో సూర్యుడి కంటే కొంచెమే ఎక్కువ. కానీ నడిమధ్యలో హైడ్రోజన్ అయిపోయి ఉబ్బింది. వెడల్పు సూర్యుడికి 44 రెట్లు, వెలుగు 400 రెట్లకు పైన. అంత వెలుగు దగ్గర మన భూమికి అందేపాటి వేడి మాత్రమే అందాలంటే గ్రహం 20 రెట్లు దూరం జరగాలి. మన దగ్గర యురేనస్ తిరిగే చోటుకి కాస్త అవతల అన్నమాట. సరే, అక్కడ ఒక గ్రహం ఉందనుకుందాం. ఈ రోజు దాని మీద ఎండ మన సంక్రాంతి ఎండలా హాయిగా ఉండొచ్చు. అయితే ఆ గ్రహం అంతకుముందు వందల కోట్ల ఏళ్ళు మంచుముద్దగా పడి ఉంది. నక్షత్రం ఉబ్బాక కరిగింది. నక్షత్రమేమో ఇలాగే నిలకడగా ఉండదు. ఇక ఒకప్పుడు రోహిణికి దగ్గరగా, నిజంగా హాయిగా ఉండిన గ్రహం ఏదైనా ఉంటే అది ఎప్పుడో మాడిపోయింది.

కాబట్టి దూరం సరిపోవాలి అన్న మీ మాట తప్పు కాదు. ఆ దూరం ఎంతకాలం సరిపోతూ ఉంటుంది అని కూడా అడగాలి.

సంగారెడ్డి_సాగు · రాత్రి 9:05

మా నాయన ఇప్పటికీ కార్తె చూసుకునే దుక్కి మొదలుపెడతాడు. నేను గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తున్నా, మృగశిర రోజు ఇంటికి చేపలు తేవాల్సిందే. చిన్నప్పటి నుంచి ఈ పేర్లన్నీ నోట్లో నానినవే కాబట్టి అడుగుతున్నా అన్నా, మిగతా కార్తెల చుక్కల సంగతేంటి? ఆరుద్ర, మఖ, చిత్త, స్వాతి... అన్నిట్లో ఒక్కటైనా గ్రహానికి మంచి ఇల్లు కాదా?

రాత్రిపూట_చుక్కలు · రాత్రి 9:40

తమ్ముడూ, నేనూ ఒకసారి ఇదే లెక్క వేసుకుని కూర్చున్నాను. ఒక్కొక్కటిగా చూడు.

ఆరుద్ర: సూర్యుడి స్థానంలో పెడితే అంగారకుడి కక్ష్య దాటి పోయేంత పెద్దది. వయసు సుమారు కోటి ఏళ్ళు, అప్పుడే చివరి దశ. 2019 చివర్లో, 2020 మొదట్లో బాగా మసకబారితే పేలిపోతుందేమో అని ప్రపంచమంతా చూసింది. జ్యేష్ఠ కూడా ఇదే కోవ.

మృగశిర: నీలంగా మండే చాలా వేడి నక్షత్రం. ఇంకా కోటి ఏళ్ళు నిండని పసిగుడ్డు.

చిత్త: ఒక చుక్క కాదు, రెండు. రెండూ నీలి నక్షత్రాలే. నాలుగు రోజులకోసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. పెద్దది సూర్యుడికి పది రెట్లకు పైగా ద్రవ్యరాశి ఉన్నది. అంత బరువైన నక్షత్రం ఆయుష్షు రెండు మూడు కోట్ల ఏళ్ళకు మించదు.

స్వాతి: రోహిణికి అక్కలాంటిది. సూర్యుడంత ద్రవ్యరాశే, బాగా పెద్ద వయసు, ఉబ్బిపోయింది.

శ్రవణం: మనకు 17 కాంతి సంవత్సరాల దూరంలోనే ఉంది. సూర్యుడు తన చుట్టూ తాను తిరగడానికి 25 రోజులు పైగా తీసుకుంటే ఇది పది గంటల లోపే తిరిగేస్తుంది. ఆ వేగానికి నడుము దగ్గర ఉబ్బి, గుండ్రంగా కూడా ఉండదు.

కృత్తికలు: ఇది నాకు చాలా ఇష్టమైన పోలిక. కృత్తికల వయసు పది పన్నెండు కోట్ల ఏళ్ళు. మన బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అస్థిపంజరం ఉంది కదా, ఆదిలాబాద్ వైపు యామన్‌పల్లి దగ్గర దొరికింది. ఆ జంతువు మన తెలంగాణ నేల మీద మేత మేసిన నాటికి కృత్తికలు ఇంకా పుట్టలేదు. ఆకాశంలో ఆ గుంపే లేదు.

ఇందులో ఒక కిటుకు ఉంది. మన పెద్దలు పేర్లు పెట్టింది కంటికి బాగా కనిపించిన చుక్కలకి. అంత దూరం నుంచి బాగా కనిపించాలంటే అది విపరీతంగా వెలగాలి. విపరీతంగా వెలిగేవి తొందరగా అయిపోతాయి, లేదా అప్పటికే చివరికి వచ్చి ఉంటాయి.

వర్ణపటం · రాత్రి 10:02

నేను నక్షత్రాల మీద రీసెర్చ్ చేస్తున్నాను. అన్న చెప్పిన కిటుకుకి కారణం కలుపుతాను.

నక్షత్రం గుణాల్లో అన్నిటికంటే ముఖ్యమైనది ద్రవ్యరాశి. మిగతావి చాలావరకు దాని వెంటే వస్తాయి. ద్రవ్యరాశి రెండింతలైతే వెలుగు రెండింతలు కాదు, పదింతలు దాటుతుంది. ఇంధనం రెండింతలే, ఖర్చు పదింతలు. సూర్యుడికి మొత్తం ఆయుష్షు 1,000 కోట్ల ఏళ్ళు అనుకుంటే, రెండు సూర్యుల బరువున్న లుబ్ధకానికి, అంటే సిరియస్‌కి, వంద కోట్ల ఏళ్ళు అటూ ఇటూ. దీపావళికి చిచ్చుబుడ్డి ఎంత వెలుగిచ్చినా నిమిషం. ప్రమిద తెల్లారేదాకా ఉంటుంది.

ఆ వంద కోట్ల ఏళ్ళు చాలదా అంటే, మన భూమిని చూడండి. భూమి పుట్టి 454 కోట్ల ఏళ్ళు. సూక్ష్మజీవుల జాడలు 350 కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళలోనే ఉన్నాయి. కంటికి కనిపించే జంతువులు వచ్చింది సుమారు 60 కోట్ల ఏళ్ళ కిందట. అంటే మధ్యలో దాదాపు 300 కోట్ల ఏళ్ళు సూక్ష్మజీవులదే రాజ్యం. వేరే గ్రహం మీద ఇంకా తొందరగా జరగొచ్చు, అసలు జరగకపోనూ వచ్చు. మనకు తెలిసిన ఉదాహరణ ఒక్కటే కాబట్టి దాన్ని బట్టే మాట్లాడుతున్నాం. ఆ లెక్కన లుబ్ధకం చుట్టూ ఉన్న గ్రహం మీద, ఉంటే గింటే, పాచి పట్టేలోపే నక్షత్రం అయిపోతుంది.

ఇంటర్_ఎంపీసీ · రాత్రి 10:10

అక్కా, 400 రెట్లు వెలుగు అంటే 20 రెట్లు దూరం అన్నారు అన్న. అది వర్గమూలమేనా? అన్ని నక్షత్రాలకీ అదే లెక్క పెట్టొచ్చా?

వర్ణపటం · రాత్రి 10:24

వర్గమూలమే తమ్ముడూ. కాంతి దూరం వర్గాన్ని బట్టి పలచబడుతుంది. సూర్యుడికి భూమికి మధ్య దూరం 15 కోట్ల కిలోమీటర్లు, దాన్ని 1 అనుకో. నక్షత్రం వెలుగు సూర్యుడిలో సగం ఉంటే 0.7 దూరంలో మనంత వేడి. పదివేల వంతు అయితే నూరో వంతు దూరంలో.

ఇది మొదటి అంచనా మాత్రమే. నీరు ద్రవంగా నిలిచే మేరని నివాసయోగ్య మండలం అంటారు. దాని హద్దులు గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంత, నీటి ఆవిరి ఎంత, నక్షత్రం కాంతి ఏ రంగుది అన్నవాటి మీద ఆధారపడతాయి. 1993లో జేమ్స్ కాస్టింగ్ బృందం వేసిన లెక్క చాలాకాలం అందరికీ ఆధారం. 2013లో కొప్పరపు రవికుమార్ ముందుండి ఆ లెక్కను మళ్ళీ వేశారు. ఆ ఇంటిపేరు మొదటిసారి పేపర్ మీద చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. ఆ లెక్క ప్రకారం మన సూర్యుడికి ఈ మండలం సుమారు 0.99 నుంచి 1.7 దాకా. మనం 1 దగ్గర ఉన్నాం. లోపలి అంచు పక్కనే కూర్చున్నాం.

కూకట్‌పల్లి_టీచర్ · రాత్రి 10:31

అంచు పక్కనా! ఇది నాకు తెలియదు. అయితే సూర్యుడు కొంచెం వెలుగు పెరిగినా మనకి కష్టమే కదా?

ఖాజాగూడ_రాళ్ళు · రాత్రి 11:15

మేడం, పెరుగుతూనే ఉన్నాడు. నెమ్మదిగా. వంద కోట్ల ఏళ్ళకి సుమారు పది శాతం.

నాకు నక్షత్రాల కంటే రాళ్ళు ఎక్కువ తెలుసు. ప్రతి ఆదివారం ఖాజాగూడ గుట్టల మీదికి వెళ్తాను. ఆ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. అది కరిగిన స్థితి నుంచి గడ్డకట్టిన రోజుల్లో సూర్యుడు ఇప్పటికంటే 18 శాతం దాకా మసకగా ఉండేవాడు. భూమి పుట్టిన కొత్తలో అయితే ఇప్పటి వెలుగులో 70 శాతమే. ఆ ఎండకి, ఇప్పటి గాలే ఉంటే, సముద్రాలు గడ్డకట్టాలి. కానీ నీళ్ళు పారిన గుర్తులు ఆ పాత రాళ్ళలో ఉన్నాయి. 1972లో కార్ల్ సేగన్, జార్జ్ మల్లెన్ ఈ చిక్కుముడిని ముందుకు తెచ్చారు. అప్పటి గాలిలో వేడిని పట్టి ఉంచే వాయువులు ఎక్కువ ఉండేవన్నది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే జవాబు.

ఇక్కడే మన రాళ్ళ పాత్ర వస్తుంది. వాన నీటిలో కార్బన్ డయాక్సైడ్ కరిగి కొద్దిగా పులుపెక్కుతుంది. ఆ నీరు గ్రానైట్ లాంటి రాళ్ళని తినేస్తుంది. కరిగినదంతా ఏటివెంట సముద్రం చేరి సున్నపురాయిగా అడుగున పేరుకుంటుంది. అంటే గాలిలోని కార్బన్ రాయిగా మారి దాక్కుంటుంది. అగ్నిపర్వతాలు మళ్ళీ దాన్ని పైకి వదులుతాయి. వేడి పెరిగితే వానలు పెరిగి రాళ్ళు తొందరగా అరుగుతాయి, కార్బన్ తగ్గుతుంది, చల్లబడుతుంది. చలి పెరిగితే అరుగుదల తగ్గుతుంది, అగ్నిపర్వతాల కార్బన్ పేరుకుని మళ్ళీ వెచ్చబడుతుంది. లక్షల ఏళ్ళ మీద జరిగే పని ఇది. సూర్యుడు నెమ్మదిగా పెరిగాడు కాబట్టి రాళ్ళు ఆ వేగాన్ని అందుకోగలిగాయి. నక్షత్రం గబగబా మారేదైతే ఈ సర్దుబాటుకి వ్యవధి దొరకదు.

గుట్టల్ని పగలగొట్టి ఫ్లోరింగ్ వేసుకుంటున్నాం. చూసినప్పుడల్లా బాధేస్తుంది. ఆ రాయి ఊరికే పడి ఉన్నది కాదు.

మీ ప్రశ్నకి జవాబు: ఇంకో వంద కోట్ల ఏళ్ళకి రాళ్ళు కూడా సర్దలేని స్థితి వస్తుంది, సముద్రాలు ఆవిరవుతాయి. సూర్యుడు ఉబ్బేది 500 కోట్ల ఏళ్ళ తరవాత. భూమికి గడువు మాత్రం అంతకంటే చాలా ముందే తీరిపోతుంది.

ఎర్రచుక్క · మే 28, ఉదయం 6:48

రాత్రి చదువుతూ నిద్రపోయాను, లేవగానే రాస్తున్నాను. ఎమ్మెస్సీ చదువుతున్నా. ఎర్ర మరుగుజ్జు నక్షత్రాల గురించి ఎవరూ మాట్లాడటం లేదేంటి? మన పాలపుంతలో ప్రతి నాలుగు నక్షత్రాల్లో దాదాపు మూడు అవే. చిన్నవి, మసకవి, ఒక్కటి కూడా మామూలు కంటికి కనిపించదు. ఆయుష్షు మాత్రం లక్షల కోట్ల ఏళ్ళ దాకా. విశ్వం వయసే 1,380 కోట్ల ఏళ్ళు కాబట్టి ఇప్పటిదాకా ముసలితనంతో పోయిన ఎర్ర మరుగుజ్జు ఒక్కటీ లేదు. కాలమే కావాలంటే ఇంతకంటే ఎక్కువ కాలం ఎవరిస్తారు?

మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ, 4.24 కాంతి సంవత్సరాలు. దాని నివాసయోగ్య మండలంలోనే ఒక గ్రహం ఉందని 2016లో తేలింది. 2017లో ట్రాపిస్ట్-1 గురించి ప్రకటించారు. కుంభరాశి దిక్కున, 40 కాంతి సంవత్సరాల దూరంలో, బృహస్పతి కంటే కొంచెమే పెద్దదైన నక్షత్రం, దాని చుట్టూ భూమి పాటి గ్రహాలు ఏడు. అందులో మూడు నివాసయోగ్య మండలంలో. ఆ ఫొటో బొమ్మలు చూసిన రోజే నేను ఈ సబ్జెక్టు చదవాలని నిర్ణయించుకున్నాను.

వర్ణపటం · ఉదయం 8:20

తమ్ముడూ, నీ ఉత్సాహం నాకు అర్థమవుతుంది. అయినా ఈ విషయంలో నేను నీతో ఏకీభవించలేను.

ప్రాక్సిమా గ్రహం తన నక్షత్రానికి ఎంత దూరం? సుమారు 75 లక్షల కిలోమీటర్లు. సూర్యుడి నుంచి మనకున్న దూరంలో ఇరవయ్యో వంతు. మసక నక్షత్రం కాబట్టి అంత దగ్గర జరిగితేనే వెచ్చదనం. అంత దగ్గర జరిగాక నక్షత్రం కోపం కూడా ముఖం మీదే. ఎర్ర మరుగుజ్జులు జ్వాలలు చిమ్ముతాయి. 2016 మార్చిలో ప్రాక్సిమా ఒక జ్వాలతో ఒక్కసారిగా 68 రెట్లు వెలిగింది. మామూలుగా టెలిస్కోపు లేకుండా కనబడని చుక్క, ఆ కాసేపు చీకటి ఆకాశంలో కంటికి కనబడేంత. ఆ అతినీలలోహిత కిరణాల దెబ్బ పదే పదే పడితే ఓజోన్ నిలవడం కష్టం. సూర్యుడు కూడా కుర్రతనంలో ఇలాగే చిందులేశాడు, కానీ తొందరగా సద్దుమణిగాడు. ఎర్ర మరుగుజ్జులు వందల కోట్ల ఏళ్ళు అలాగే ఉంటాయి.

దానికంటే పెద్ద చిక్కు వాటి బాల్యం. సూర్యుడు పుట్టి స్థిరపడటానికి కొన్ని కోట్ల ఏళ్ళు పట్టింది. అతి చిన్న ఎర్ర మరుగుజ్జులకి వంద కోట్ల ఏళ్ళ దాకా పడుతుంది. అంతకాలం అవి తరవాతి కంటే చాలా ఎక్కువ వెలుగుతాయి. ఇప్పుడు హాయిగా ఉన్నట్టు కనిపించే గ్రహం అప్పుడు మంటలో ఉంది. సముద్రాలు ఆవిరై, ఆ ఆవిరి విడిపోయి, హైడ్రోజన్ అంతరిక్షంలోకి పోయి, ఆక్సిజన్ మిగిలిపోతుంది. రాడ్రిగో లూగర్, రోరీ బార్న్స్ 2015లో ఈ లెక్క వేశారు. కొన్ని గ్రహాలు భూమి మీదున్న సముద్రాలకి చాలా రెట్లు నీళ్ళు పోగొట్టుకోగలవు. ఇంకో సంగతి గమనించు. అక్కడ ఆక్సిజన్ కనబడితే మనం ప్రాణం ఉందని సంబరపడతాం. అది పోయిన సముద్రం వదిలి వెళ్ళిన ఆక్సిజన్ కావచ్చు.

ఎర్రచుక్క · ఉదయం 9:02

అక్కా, బాల్యం గురించి చెప్పింది ఒప్పుకుంటాను. అయితే అన్నీ వ్యతిరేకంగానే లేవు.

చందమామ మనకి ఒకే ముఖం చూపించినట్టు ఈ దగ్గరి గ్రహాలు నక్షత్రానికి ఒకే ముఖం చూపిస్తాయి. ఒక పక్క ఎప్పటికీ పగలు, ఇంకో పక్క ఎప్పటికీ రాత్రి. రాత్రి వైపు గాలే గడ్డకట్టి రాలిపోతుందని ఒకప్పుడు భయపడ్డారు. 1997లో జోషి, హేబర్లే, రేనాల్డ్స్ లెక్కలో, మన గాలి పీడనంలో పదో వంతు కార్బన్ డయాక్సైడ్ ఉన్నా వేడిని అటు మోసుకెళ్ళి గాలిని కాపాడుతుందని తేలింది. 2013లో ఇంకో బృందం పగటి వైపు దట్టమైన మేఘాలు ముసురుకుని ఎండని వెనక్కి తిప్పికొడతాయని చూపించింది. మేఘమే గొడుగు అన్నమాట.

మంచు సంగతి నాకు ఇంకా నచ్చుతుంది. మన దగ్గర మంచు తెల్లగా మెరిసి ఎండని తిప్పి పంపుతుంది. అందుకే ఒకసారి మంచు పరుచుకుంటే చలి ఇంకా ముదురుతుంది. ఎర్ర మరుగుజ్జు కాంతి ఎక్కువగా పరారుణం. మంచు దాన్ని తిప్పికొట్టదు, తాగేస్తుంది. ఆ గ్రహాలు మంచుముద్దలుగా మారడం తక్కువ. నక్షత్రం రంగు మారితే మంచు స్వభావమే మారిపోయినట్టు ఉంటుంది.

ఇంటర్_ఎంపీసీ · ఉదయం 9:10

మరి జేమ్స్ వెబ్ టెలిస్కోపు ట్రాపిస్ట్‌ని చూసింది కదా? ఏం తేలింది?

వర్ణపటం · ఉదయం 9:45

2023లో మొదటి ఫలితాలు వచ్చాయి. అన్నిటికంటే లోపలి గ్రహం పగటి వైపు సుమారు 230 డిగ్రీల సెల్సియస్. చెప్పుకోదగ్గ గాలి ఉన్న గుర్తు లేదు. రెండో గ్రహం మీద శుక్రుడి లాంటి దట్టమైన కార్బన్ డయాక్సైడ్ లేదు. ఈ రెండూ నివాసయోగ్య మండలానికి లోపల, మంట దగ్గరున్నవి. కాబట్టి మిగతావాటి మీద తీర్పు ఇవ్వడానికి ఇవి చాలవు. ఎర్రచుక్క తమ్ముడు ఆశ పెట్టుకోవడానికి చోటు ఉంది, నేను కాదనను.

వార్తల్లో ఎర్ర మరుగుజ్జుల గ్రహాలే ఎందుకు ఎక్కువ వస్తాయో కూడా చెప్తాను. సూర్యుడి ముందు నుంచి భూమి దాటితే వెలుగు తగ్గేది పదివేలలో ఒక వంతు కూడా ఉండదు. అది కూడా ఏడాదికి ఒకసారి. ట్రాపిస్ట్ ముందు నుంచి భూమంత గ్రహం దాటితే వెలుగు దాదాపు 0.7 శాతం తగ్గుతుంది, కొన్ని రోజులకే మళ్ళీ దాటుతుంది. దొరకడం తేలిక కాబట్టి దొరికాయి.

బేగంపేట_తాతయ్య · ఉదయం 11:30

పిల్లలు ఇంత బాగా మాట్లాడుకుంటుంటే నాకు రెండు ముక్కలు చెప్పాలనిపించింది.

నక్షత్రం కోపం అన్నది వర్ణపటం తల్లి. ఆ కోపాన్ని కొలిచే పద్ధతికి మన ఊరితో సంబంధం ఉంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో పెట్టిన నిజామియా అబ్జర్వేటరీ తరవాత మా బేగంపేటకి వచ్చింది. అనేక దేశాలు కలిసి తీసిన ఆకాశపటంలో ఒక వాటా ఆ అబ్జర్వేటరీ చేసింది. అక్కడ పనిచేసిన ఒకాయన కొడుకు వేణు బప్పు, నిజాం కాలేజీలో చదువుకున్నాడు. తరవాత అమెరికాలో ఓలిన్ విల్సన్‌తో కలిసి, నక్షత్రాల కాంతిని రంగులుగా విడదీస్తే కాల్షియం వల్ల కనిపించే నల్లటి గీతల్ని కొలిచాడు. చల్లటి నక్షత్రాల్లో ఆ గీత నడుమ సన్నగా ఒక వెలుగు చార ఉంటుంది. ఆ చార వెడల్పుని బట్టి నక్షత్రం అసలు ప్రకాశం చెప్పొచ్చని 1957లో ఇద్దరూ చూపించారు. దాన్ని విల్సన్-బప్పు ప్రభావం అంటారు.

ఆ చార వెడల్పు ప్రకాశాన్ని చెబితే, దాని తీవ్రత నక్షత్రం ఎంత అల్లరి చేస్తోందో చెబుతుంది. విల్సన్ 1966 నుంచి ఏళ్ళ తరబడి అదే కొలుస్తూ, మన సూర్యుడికి ఉన్న 11 ఏళ్ళ మచ్చల చక్రం లాంటివి వేరే నక్షత్రాలకీ ఉన్నాయని పట్టుకున్నాడు. ఈ రోజు ఒక నక్షత్రం గ్రహానికి మంచిదా కాదా అని చూసేవాళ్ళు ముందుగా చూసే వాటిలో ఆ కాల్షియం గీతలు ఒకటి.

నేను 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం చూశాను. రంగాపూర్ అబ్జర్వేటరీ గ్రహణం దారిలోనే ఉంది. పట్టపగలు చీకటి పడి, సూర్యుడి చుట్టూ తెల్లటి కిరీటం విచ్చుకుంది. ఊళ్ళో జనం ఇళ్ళలో తలుపులేసుకుని ఉన్నారు. నాకైతే అది చూసిన క్షణమే తెలిసింది, మనం ఒక నక్షత్రం గాలిలో బతుకుతున్నామని.

కూకట్‌పల్లి_టీచర్ · మధ్యాహ్నం 1:05

తాతగారూ, చదువుతుంటే ఒళ్ళు పులకరించింది. వేణు బప్పు పేరు తెలుసు కానీ ఈ సంగతి తెలియదు. పిల్లలకి తప్పకుండా చెప్తాను.

పెద్దవి తొందరగా అయిపోతాయి, చిన్నవి కోపిష్టివి. మరి మధ్యలో?

రాత్రిపూట_చుక్కలు · మధ్యాహ్నం 2:20

మధ్యలో నారింజ రంగువి ఉన్నాయి మేడం. వీటిని కె రకం అంటారు. సూర్యుడి కంటే కాస్త చిన్నవి, కాస్త చల్లనివి. ఆయుష్షు 1,500 కోట్ల ఏళ్ళు మొదలుకొని కొన్ని వేల కోట్ల ఏళ్ళ దాకా. జ్వాలలు ఎర్రవాటి కంటే తక్కువ. గ్రహం మరీ దగ్గరికి జరగనక్కర్లేదు. 2014లో రెనే హెల్లర్, జాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఇలాంటి నక్షత్రాల దగ్గర భూమి కంటే కూడా ప్రాణానికి అనువైన గ్రహాలు ఉండొచ్చని రాశారు. నా ఓటు వీటికే. సూర్యుడే అన్నిటికంటే మంచివాడు అనుకోవడం మనం ఇక్కడ పుట్టాం కాబట్టి.

సూర్యుడి రకంలోనే కాస్త చిన్నది టౌ సెటి. 12 కాంతి సంవత్సరాల లోపే. చలికాలంలో తిమింగలం అనే చుక్కల గుంపులో మామూలు కంటికి కనిపిస్తుంది. వెలుగు సూర్యుడిలో సగం. 1960లో ఫ్రాంక్ డ్రేక్ వేరే లోకాల నుంచి రేడియో పిలుపు వస్తుందేమో అని మొదటిసారి చెవి ఒగ్గిన రెండు నక్షత్రాల్లో ఇది ఒకటి.

వర్ణపటం · మధ్యాహ్నం 2:48

టౌ సెటి విషయంలో ఒక మాట. దానిలో ఇనుము లాంటి మూలకాలు సూర్యుడిలో ఉన్నదానిలో మూడో వంతే. హైడ్రోజన్, హీలియం తప్ప మిగతా అన్నిటినీ మేము లోహాలనే అంటాం, ఆక్సిజన్‌ని కూడా. నక్షత్రం, గ్రహాలు ఒకే మేఘం నుంచి పుడతాయి. ఆ మేఘంలో లోహాలు తక్కువైతే రాయి తక్కువ. బృహస్పతి లాంటి పెద్ద గ్రహాలు లోహాలు ఎక్కువున్న నక్షత్రాల దగ్గరే ఎక్కువ అని 2005లో తేలింది. చిన్న గ్రహాలకి అంత పట్టింపు లేదని తరవాత కెప్లర్ టెలిస్కోపు చూపించింది. టౌ సెటి చుట్టూ దుమ్ము, రాళ్ళు మాత్రం మన సౌర కుటుంబంలో కంటే పది రెట్లకు పైగా ఉన్నాయి. అక్కడ గ్రహం ఉంటే దాని మీద రాళ్ళ వాన ఎక్కువే.

సంగారెడ్డి_సాగు · సాయంత్రం 4:15

అన్నా, అక్కా, ఇవన్నీ చలికాలంలో కనిపించేవో, అసలు కనిపించనివో. ఈ రోహిణి కార్తెలో ఆ పిల్లకి చూపించడానికి ఏమీ లేదా? రోహిణి అయితే ఇప్పుడు సూర్యుడి వెలుగులో మునిగి ఉంటుంది కదా.

రాత్రిపూట_చుక్కలు · సాయంత్రం 4:50

ఎందుకు లేదు తమ్ముడూ! మేడం, మీ మేడ మీద దక్షిణం వైపు అడ్డం లేకపోతే ఇవాళే చూపించొచ్చు.

రాత్రి పది దాటాక సరిగ్గా నడినెత్తిన నారింజ రంగులో మెరిసేది స్వాతి. అది మన సూర్యుడి రేపటి రూపం. అక్కడి నుంచి దక్షిణంగా, కొంచెం పడమరకి దిగితే తెల్లగా చిత్త. అది తొందరగా అయిపోయే రకం. ఆగ్నేయంలో ఎర్రగా జ్యేష్ఠ, దానిదీ చివరి దశే. ఇంకా కిందికి రండి. పదిన్నర ప్రాంతంలో సరిగ్గా దక్షిణాన, చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి కంటే కాస్త పైన, పక్కపక్కనే రెండు ప్రకాశమైన చుక్కలు. ఎడమ వైపుది ఆల్ఫా సెంటారీ. ఢిల్లీ వాళ్ళకి ఇది అందదు. మనం 17 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్నాం కాబట్టి 12 డిగ్రీల ఎత్తుకి వస్తుంది.

కంటికి ఒకే చుక్క. అసలు మూడు. ఒకటి సూర్యుడి లాంటిదే. రెండోది నారింజ రకం, పైన చెప్పిన కె రకం. 80 ఏళ్ళకోసారి ఈ రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. మూడోది పొద్దుటి నుంచి మీరు కొట్లాడుకుంటున్న ప్రాక్సిమా, కాస్త ఎడంగా, కంటికి కనబడకుండా. మన చర్చ అంతా ఆ చుక్క దగ్గరే ఉంది.

కూకట్‌పల్లి_టీచర్ · మే 29, ఉదయం 7:20

చూశాం. పది మంది పిల్లలు, నలుగురు తల్లులు, మా అత్తగారు. పది గంటలకి దక్షిణాన మబ్బు. చిన్నవాళ్ళు చాప మీద నిద్రపోయారు. పదీ నలభైకి నీళ్ళ ట్యాంకుకీ పక్క బిల్డింగుకీ మధ్య మబ్బు విడిపోయి రెండు చుక్కలూ కనిపించాయి. ప్రశ్న అడిగిన అమ్మాయి చెయ్యి చాచి పిడికిలితో కొలిచింది. రోహిణి చుట్టూ ఎందుకు కుదరదో నేను చెప్పాక, కాసేపు ఆలోచించి, "అయితే కనబడని మూడోదాన్ని చూపించండి" అంది.

రాత్రిపూట_చుక్కలు · ఉదయం 7:41

కూకట్‌పల్లి వెలుగులో కుదరదు మేడం, ప్రాక్సిమా చాలా మసక. నా దగ్గర ఎనిమిది అంగుళాల టెలిస్కోపు ఉంది. మబ్బు లేకపోతే శనివారం రాత్రి అనంతగిరి వెళ్తున్నాను. ఆ అమ్మాయిని, వాళ్ళ అమ్మానాన్నల్ని తీసుకుని రండి. పదింటికల్లా చేరాలి, అది ఎక్కువసేపు పైన ఉండదు.

ఎర్రచుక్క · ఉదయం 7:43

నేనూ వస్తాను అన్నా. ప్రాక్సిమా చుట్టుపక్కల చుక్కల పటం ప్రింట్ తీసి తెస్తాను, దానితో పోల్చుకుంటే గానీ ఏది అదో తెలియదు.

బేగంపేట_తాతయ్య · ఉదయం 8:10

కారులో ఒక సీటు ఉంటే చెప్పండి.